పాత ఫ్రిజ్‌కు కొత్త కాంట్రాక్టు అవసరమా?



ఫ్రిజ్ కొన్నప్పుడు పెట్టెలో వచ్చే వారంటీ కార్డును చదివేవాళ్లు తక్కువ. చదివేవాళ్లు కూడా వెనక పేజీలో చీమతలకాయంత అక్షరాలు కనబడగానే ఆగిపోతారు. మన దేశంలో అమ్ముడయ్యే చాలా కంపెనీల కార్డుల్లో సరిగ్గా అక్కడే ఒక నిబంధన ఉంటుంది. సర్వీస్ సెంటర్ ఉన్న ఊరి మున్సిపల్ హద్దులు దాటి ఇల్లు ఉంటే, మెకానిక్ రానూపోనూ ఖర్చు, సామాను మోయించే ఖర్చు కొన్నవాళ్లే పెట్టుకోవాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాళ్లకు ఈ మాటతో పెద్దగా పని పడదు. అండమాన్‌లో పడుతుంది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ మున్సిపల్ పరిధిలోనే ఉంది. చాతాం జెట్టీలో ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున బంబూఫ్లాట్‌లో దిగితే ఫ్రిజ్ అదే, కార్డు అదే, ఖర్చు మాత్రం మారిపోతుంది. స్వరాజ్ ద్వీప్, డిగ్లీపూర్ దాకా వెళ్తే ఇక చెప్పనక్కర్లేదు.

వారంటీ ముగిసిన పాత సామానుకు ఏటా డబ్బు కట్టి కాంట్రాక్టు కొనసాగించాలా, మానేయాలా? ఈ ప్రసంగం దాని గురించే.

జంగ్లీఘాట్ అంటే చేపల జెట్టీ. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల వీధులు దాని చుట్టూ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి 13 మంది, అంటే సుమారు 50 వేలు. ఈ ఇళ్లలో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, టీవీ, నీళ్ల ఫిల్టర్, కొన్నిచోట్ల ఏసీ మామూలైపోయి చాలా కాలమైంది. అందులో చాలా సామాను పాతబడింది కూడా. పాతబడిన కొద్దీ కంపెనీ నుంచో, షాపు నుంచో ఫోన్లు ఎక్కువవుతాయి. గడువు దగ్గర పడింది, ఇప్పుడే కడితే తగ్గింపు, లేకపోతే కంప్రెసర్ పోతే పదివేలు అవుతుంది, ఇదీ ఆ ఫోన్ల వరస.

ఆ బెదిరింపులో నిజమెంతో తేలాలంటే, ఇక్కడ సామాను దేనివల్ల పాడవుతుందో ముందు చూడాలి.

మొదటిది ఉప్పుగాలి. సముద్రం పక్కన గాలిలో తేలే ఉప్పు తుంపర ఏసీ బయటి యూనిట్‌లోని రాగి గొట్టాలనూ అల్యూమినియం రేకులనూ కొరికేస్తుంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పుతేమలో ఆనుకుని ఉంటే వాటిలో బలహీనమైనది, అంటే అల్యూమినియం, ముందు తినుకుపోతుంది. కొన్నాళ్లకు రేకులు పిండిలా రాలుతాయి, గొట్టానికి సూదిమొనంత చిల్లు పడుతుంది, గ్యాస్ పోతుంది. ఫ్రిజ్ వెనక గొట్టాలకూ వాషింగ్ మెషిన్ అడుగు రేకుకూ ఇదే గతి. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆ తేమ ఆరే సమయమే దొరకదు.

రెండోది కరెంటు. ఈ దీవులకు మెయిన్‌లాండ్ గ్రిడ్‌తో సంబంధం లేదు. ఓడల్లో తెచ్చిన డీజిల్‌తో నడిచే జనరేటర్లే ఇప్పటికీ ప్రధానం. గారాచర్మలో ఎన్టీపీసీ 2013లో పెట్టిన 5 మెగావాట్ల సౌర కేంద్రం, 2020లో ఎన్‌ఎల్‌సీ బ్యాటరీలతో సహా కట్టిన 20 మెగావాట్ల కేంద్రాలు, డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ జలవిద్యుత్తు తోడుగా ఉన్నాయి. చిన్న గ్రిడ్‌లో ఒక జనరేటర్ ఆగినా, ఒక లైను తెగినా ఆ కుదుపు ఇంటి ప్లగ్గు దాకా వస్తుంది. కరెంటు పోయి వచ్చే ఆ క్షణంలోనే ఫ్రిజ్ బోర్డులు, టీవీ బోర్డులు కాలిపోతుంటాయి.

మూడోది దూరం. చెన్నై అయినా విశాఖ అయినా ఇక్కడికి సముద్రంలో సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడ వచ్చేసరికి మూడు రోజులు. ఊళ్లో లేని పార్టు మెయిన్‌లాండ్‌లో బుక్ కావాలి, ఓడెక్కాలి, దిగాలి, ఆ తర్వాత మెకానిక్‌కు ఖాళీ దొరకాలి. ఈలోగా ఫ్రిజ్‌లో పెట్టిన కోనెం ముక్కలు ఎవరి కోసమూ ఆగవు.

ఇప్పుడు కాంట్రాక్టు కాగితం తీసి మినహాయింపుల పేరా చూద్దాం. తుప్పు వర్తించదు. వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల కలిగిన నష్టం వర్తించదు. రవాణా ఖర్చు చేరదు. ప్లాస్టిక్ భాగాలు, రబ్బరు, బల్బు వర్తించవు. ఎలుకలు, బొద్దింకలు వైర్లు కొరికితే వర్తించదు. కంపెనీని బట్టి మాటలు మారినా, చాలా కాగితాల్లో సారం ఇదే. అంటే దీవిలో సామాను దేనివల్ల పాడవుతుందో, కాంట్రాక్టు దాన్నే పక్కన పెడుతోంది. మెయిన్‌లాండ్‌లో లాభమో నష్టమో అన్నట్టుండే ఒప్పందం జంగ్లీఘాట్‌లో బలహీనపడేది ఇందుకే.

అలాగని అన్ని కాగితాలూ ఒక్కటే కావు. కంపెనీ అమ్మేటప్పుడు ఇచ్చేది వారంటీ. దాని గడువు ముగిశాక కూడా సాగేలా, సాధారణంగా కొన్నప్పుడే డబ్బు కట్టి తీసుకునేది ఎక్స్‌టెండెడ్ వారంటీ. దీని వెనక చాలాసార్లు బీమా కంపెనీ ఉంటుంది. ఏళ్లు గడిచిన కొద్దీ సామాను విలువ తగ్గించి, ఆ తగ్గిన విలువ దాకానే చెల్లిస్తామనే షరతు చాలా పాలసీల్లో కనిపిస్తుంది. మూడోది ఏఎంసీ, ఏటేటా చేసుకునే మెయింటెనెన్స్ కాంట్రాక్టు. పాత సామానుకు దొరికేది ఎక్కువగా ఇదే. ఇందులో రెండు రకాలు. కాంప్రహెన్సివ్ అయితే పార్టులూ కలుస్తాయి. నాన్-కాంప్రహెన్సివ్ అయితే మెకానిక్ రావడం, శుభ్రం చేయడం మాత్రమే. ఫోన్‌లో అమ్మే మనిషి మొదటి దాని గుణాలు వర్ణించి రెండో దాని ధర చెబుతుంటాడు. అందుకే బిల్లు మీద ఆ ఒక్క మాట ఏముందో చూసుకోవాలి.

మరో తికమక కంప్రెసర్ స్టిక్కర్. ఫ్రిజ్ తలుపు మీద పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. ఆ పదేళ్లు కంప్రెసర్ అనే ఒక్క పార్టుకే. ఆరో ఏట అది పోయిందనుకుందాం. కంప్రెసర్ ఉచితంగా వస్తుంది. దాన్ని బిగించే కూలి, కొత్త గ్యాస్, గొట్టాల వెల్డింగు, తేమ పీల్చే ఫిల్టరు, రవాణా చాలా కంపెనీల్లో విడిగా కట్టాలి. పదేళ్లు గడిచేదాకా ఆ ఉచిత పార్టు ఎలాగూ ఉంటుంది కనుక, అది పోతుందని భయపెట్టి ఏఎంసీ అంటగట్టడం సరికాదు. పాత బిల్లు జాగ్రత్తగా ఉంటే చాలు.

ఈ బేరం అండమాన్‌కే పరిమితం కాదు. అమెరికాలో దీన్ని హోమ్ వారంటీ అంటారు. ఇంట్లోని ఏసీ, నీళ్ల హీటరు, డిష్‌వాషర్, ప్లంబింగు అన్నీ కలిపి ఒకే కాంట్రాక్టు. అమెరికన్ హోమ్ షీల్డ్ అనే కంపెనీ 1971లో మొదలైంది. డాలస్ చుట్టుపక్కలో, న్యూజెర్సీలో పాత ఇల్లు కొనే తెలుగు కుటుంబాలకు అమ్మేవాళ్లు మొదటి ఏడాది కాంట్రాక్టును బేరంలో కలిపి ఇవ్వడం మామూలే. రెండో ఏడాది సొంత డబ్బు కట్టాల్సి వచ్చినప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది. ఏటా కట్టేది కాక, మెకానిక్ వచ్చినప్పుడల్లా విడిగా ఫీజు ఉంటుంది. ఒక్కో రిపేరుకు ఇంతకు మించి ఇవ్వమనే హద్దూ ఉంటుంది. 2014లో న్యూజెర్సీ ప్రభుత్వం ఇలాంటి ఒక పెద్ద కంపెనీ మీద కేసు వేసింది. ఏళ్ల నాటి మెయింటెనెన్స్ రికార్డులు తెమ్మని, సరిగా చూసుకోలేదని సాకులు చెప్పి క్లెయిములు తోసిపుచ్చుతోందన్నది ఆరోపణ. 2015లో ఆ కంపెనీ సుమారు 7 లక్షల 80 వేల డాలర్లకు రాజీ పడింది. పాత సామాను మీద కాంట్రాక్టు అమ్మినవాళ్లు దాని పాతదనాన్నే సాకుగా చూపడం ఎక్కడైనా జరగవచ్చు.

ఇక డబ్బు సంగతి. ఎనిమిదేళ్ల ఫ్రిజ్ ఉందనుకుందాం. పార్టులతో కలిపి ఏఎంసీ ఏడాదికి 2,500 రూపాయలు అనుకుందాం. కాంట్రాక్టు లేకపోతే ఒక పెద్ద రిపేరుకు 5,000 అవుతుందనుకుందాం. అప్పుడు రెండేళ్లకోసారి ఆ పెద్ద రిపేరు వచ్చి, అదీ కాంట్రాక్టు ఒప్పుకునే రకం అయితేనే కట్టిన డబ్బుకు సరిపోతుంది. గడిచిన నాలుగేళ్లలో ఆ ఫ్రిజ్‌కు అయిన ఖర్చు పదివేలు దాటిందా? దాటకపోతే కాంట్రాక్టు నష్టం. దాటితే ఆ ఫ్రిజ్‌కు కాంట్రాక్టు కాదు, సెలవు ఇవ్వాలి.

కంపెనీ వైపు నుంచి చూసినా అదే తేలుతుంది. వసూలైన సొమ్ములోంచి మెకానిక్ జీతం, అమ్మినవాడి కమీషన్, ఆఫీసు ఖర్చు, లాభం పోవాలి. పైన 18 శాతం జీఎస్టీ. కాబట్టి సగటు వినియోగదారుడు పెట్టినంత వెనక్కి పొందడం సాధ్యం కాదు. సగటు కంటే ఎక్కువగా చెడిపోయే సామాను ఉన్నవాళ్లకే లాభం. ఆ విషయం కంపెనీకీ తెలుసు. అందుకే కాంట్రాక్టు ముందు తనిఖీకి మనిషిని పంపుతుంది, వయసు దాటితే ధర పెంచుతుంది, ఇంకా దాటితే వద్దంటుంది.

కాంట్రాక్టుకు కట్టే సొమ్మును పొదుపు సంఘంలోనో, పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లోనో వేసే ఇళ్లకు ఒక వీలు ఉంది. ఫ్రిజ్‌కు ఇంత, మెషిన్‌కు ఇంత అని విడివిడిగా ఉండదు. ఏది చెడితే దానికి వాడుకోవచ్చు, ఏదీ చెడకపోతే మిగులుతుంది. ఈ పద్ధతికి ఒక్కటే చిక్కు. కరెంటు కుదుపు వస్తే అన్నీ ఒకేరోజు కాలవచ్చు. కాబట్టి మొదటి ఏడాది సొమ్ము స్టెబిలైజర్‌కూ, ఎర్తింగ్ సరిచూపించడానికీ పోవాలి. కాంట్రాక్టు మినహాయించిన వోల్టేజీ నష్టాన్ని ఆ రెండూ చాలావరకు అడ్డుకుంటాయి.

ఇక ఒక్కో సామానూ విడిగా.

ఫ్రిజ్‌లో తరచూ పోయేవి థర్మోస్టాట్, ఫ్యాను మోటారు, మంచు కరిగించే హీటరు, తలుపు రబ్బరు. ఇవన్నీ ఊళ్లో మెకానిక్ మార్చగలిగేవే. తలుపు మధ్య పదిరూపాయల నోటు పెట్టి మూసి లాగితే తేలిగ్గా వచ్చేస్తోందంటే రబ్బరు పోయినట్టు. అలా పోయిన రబ్బరుతో కంప్రెసర్ ఆగకుండా తిరిగి కరెంటు బిల్లు పెంచుతుంది. దానికి కాంట్రాక్టు అక్కర్లేదు. 2010 నుంచి ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్‌ల మీద స్టార్ లేబుల్ తప్పనిసరి. ఆ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. పాతదాని మీద ఉన్న అంకెనూ షాపులో కొత్తదాని మీద ఉన్న అంకెనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏఎంసీ మీద పెట్టేదీ కరెంటు మీద పోయేదీ కలిపి కొత్తదాని వాయిదా ఎంత దగ్గరో అర్థమవుతుంది.

ఏసీ విషయంలో వయసుతో పాటు గ్యాస్ రకం చూడాలి. పాత ఏసీల్లో ఆర్-22 ఉంటుంది. అది ఓజోన్ పొరను దెబ్బతీసేది కనుక అంతర్జాతీయ ఒప్పందం కింద మన దేశం 2030 నాటికి దాని వాడకాన్ని దాదాపుగా ముగించాలి. ఏటా సరఫరా తగ్గే గ్యాస్‌తో నడిచే, ఉప్పుకు గొట్టాలు తినుకుపోయిన ఏసీకి కాంప్రహెన్సివ్ కాంట్రాక్టు ఎవరైనా ఇస్తామంటే అందులో గ్యాస్ చేరిందో లేదో రాతపూర్వకంగా అడగాలి. చేరకపోతే ఆ కాగితానికి అర్థం లేదు. ఏసీకి ఇక్కడ నిజంగా పనికొచ్చేది నాన్-కాంప్రహెన్సివ్ సర్వీసు. బయటి యూనిట్‌ను మంచినీళ్లతో కడిగించడం ఉప్పు పేరుకోకుండా చూస్తుంది.

వాషింగ్ మెషిన్‌లో నీళ్లు తోడే పంపు, బెల్టు, నీళ్లు వచ్చే వాల్వు చిన్న ఖర్చులు. డ్రమ్ము వెనక బేరింగు, దాన్ని పట్టుకునే అల్యూమినియం చట్రం పోతే పెద్ద ఖర్చు. ఆ చట్రం పోయేది తుప్పుతోనే, తుప్పు మినహాయింపుల్లో ఉంది. టీవీకి తెర పోతే సగం ధర పోయినట్టే. ఐదారేళ్లు దాటిన టీవీకి తెర మార్చే కాంట్రాక్టు చవగ్గా దొరకదు.

కాంట్రాక్టు నిలబడేది నీళ్ల ఫిల్టర్ దగ్గర. దాని ఏఎంసీ నిజానికి బీమా కాదు, ఎలాగూ మార్చాల్సిన క్యాండిల్, కార్బన్, మెంబ్రేన్‌ల ధర ముందే కట్టడం. విడిగా కొంటే అయ్యే ఖర్చుతో పోల్చి తక్కువైతే తీసుకోవచ్చు. అయితే ఆ లిస్టులో ఖరీదైనది ఆర్‌ఓ మెంబ్రేన్. పోర్ట్ బ్లెయిర్‌కు కుళాయి నీళ్లు ప్రధానంగా ధనీఖారీ జలాశయం నుంచి, అంటే వాననీటి నుంచి వస్తాయి. ఇలాంటి నీళ్లలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, సాధారణంగా తక్కువ. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్‌ఓ వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మే నెలలో చెప్పింది. కాంట్రాక్టు రెన్యూ చేసే ముందు టీడీఎస్ కొలిపిస్తే, అక్కర్లేని మెంబ్రేన్‌కు ఏటా కడుతున్నారో లేదో తెలిసిపోతుంది. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇల్లయితే ఫలితం వేరుగా ఉండవచ్చు.

జంగ్లీఘాట్‌లో మరీ ముఖ్యమైన షరతు ఇంకొకటి ఉంది. గృహ వినియోగానికి మాత్రమే అన్న మాట. ఇంటి ముందు గదిలో డీప్ ఫ్రీజర్ పెట్టి చేపలు అమ్మినా, ఇంటి మిక్సీతోనే టిఫిన్ సెంటర్‌కు పిండి రుబ్బినా, ఇంటి వాషింగ్ మెషిన్‌లో లాడ్జి దుప్పట్లు ఉతికినా కంపెనీ దాన్ని వ్యాపారం అనవచ్చు, క్లెయిము కొట్టేయవచ్చు. అలాంటి ఇళ్లు కాంట్రాక్టు తీసుకునేటప్పుడే వాడకం సంగతి చెప్పి, ఒప్పుకున్నట్టు మెయిల్‌లోనో మెసేజ్‌లోనో రాయించుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ డబ్బు మిగిలినట్టే.

ఇప్పటికే కట్టేసి, ఇప్పుడు కంపెనీ పలకడం లేదని బాధపడేవాళ్ల సంగతి? 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీవుల వాళ్లకు ఒక పెద్ద మేలు చేసింది. అంతకుముందు కేసు సాధారణంగా కంపెనీ ఉన్నచోటో, లావాదేవీ జరిగినచోటో వేయాల్సి వచ్చేది. ఇప్పుడు వినియోగదారుడు తాను నివసించే చోటే వేయవచ్చు. కాంట్రాక్టు అమ్మిన కంపెనీ బెంగళూరులో ఉన్నా, గుర్‌గ్రామ్‌లో ఉన్నా, పోర్ట్ బ్లెయిర్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. వివాదం మొదలైన రెండేళ్లలోగా వేయాలి. ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, వీడియోలో విచారణ కోరవచ్చు. అంతకంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదును కంపెనీకి పంపుతుంది. చాలా చిన్న గొడవలు అక్కడే తేలిపోతాయి.

కొత్త సామాను కొనేవాళ్లకూ ఒక మాట. వారంటీ గడువు కొన్న రోజు నుంచి కాక, ఇంట్లో బిగించిన రోజు నుంచి మొదలయ్యేలా చూడాలని 2023 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ తయారీ కంపెనీలను కోరింది. చెన్నైలో బిల్లయి ఓడలో వచ్చి, వారాల తర్వాత జంగ్లీఘాట్‌లో బిగించే వాషింగ్ మెషిన్‌కు ఇది చిన్న తేడా కాదు. కొనేముందు షాపులో అడిగి, బిగించిన తేదీని కార్డు మీద రాయించి సంతకం పెట్టించుకోవాలి.

అండమాన్‌కు నైరుతి రుతుపవనాలు సాధారణంగా మే మూడో వారం ప్రాంతంలో వస్తాయి. ఆ తర్వాత సముద్రం కఠినంగా ఉండి ఓడలు ఆలస్యమయ్యే రోజులు, కరెంటు తెగే రోజులు పెరుగుతాయి. కాబట్టి కాంట్రాక్టు ఉంచాలో వద్దో తేల్చుకోవడానికి ఏప్రిల్ మంచి నెల. సర్వీస్ సెంటర్‌కు వెళ్లి మూడు సంగతులు అడగాలి: ఈ మోడల్‌కు మెకానిక్ ఊళ్లోనే ఉన్నాడా, దీని బోర్డు లేదా పంపు గోదాములో ఉందా, ఫిర్యాదు ఇచ్చాక ఎన్ని రోజుల్లో వస్తారో కాగితం మీద రాసిస్తారా? మూడింటికీ అవునని రాసి ఇస్తే, ఐదారేళ్ల సామానుకు కాంప్రహెన్సివ్ ఏఎంసీ ఉంచుకోవచ్చు. ఏ ఒక్కటి కాదన్నా ఆ ఏడాదికి రెన్యూవల్ ఆపి, స్టెబిలైజర్, ఎర్తింగ్, ఒక సర్వీసు చేయించి, మిగిలిన డబ్బు రికరింగ్ డిపాజిట్‌లో వేయడం మేలు. పదేళ్లు దాటిన ఏ సామానుకైనా కాంప్రహెన్సివ్ కాంట్రాక్టు మానేసి, ఒక ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ కోసం కనిపెట్టుకుని ఉండవచ్చు.